యూద ధర్మపండితులలో రాజ్యం గురించిన భేదాభిప్రాయాలు



గౌరవనీయులైన సోదరులారా! ఫలస్తీన్ నుండి దుర్వార్తలు వచ్చినప్పుడల్లా ఒక చిత్రం మన సెల్‌ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. పొడవాటి నల్లకోటు, వెడల్పాటి టోపీ, చెంపల మీద వేలాడే జులపాలు గల కొందరు యూద పెద్దలు ఫలస్తీన్ జెండా చేతబట్టి ఇస్రాయీల్ రాజ్యానికి వ్యతిరేకంగా నిలబడి ఉంటారు. అది చూసి మనలో కొందరు, నిజమైన యూదులందరూ ఈ రాజ్యానికి విరోధులే అని తేల్చేస్తారు. మరికొందరు, అదంతా నాటకం, వాళ్లందరూ ఒక్కటే అని కొట్టిపారేస్తారు. నమాజు ముగిసి చెప్పులు తొడుక్కునే లోపే ఈ రెండు తీర్పులూ మస్జిదు గుమ్మం వద్ద వినబడుతూ ఉంటాయి. రెండూ సత్యానికి దూరమైనవే.

గ్రంథప్రజలందరూ ఒకే తీరువారు కారని ఆలి ఇమ్రాన్ సూరా 113వ ఆయత్ మనకు తెలుపుతోంది. ఒక జనసమూహం మీది కోపం మనల్ని న్యాయం నుండి మళ్లించరాదన్న ఆజ్ఞ మాయిదా సూరా 8వ ఆయత్‌లో ఉంది. న్యాయం చేయాలంటే ముందు తెలుసుకోవాలి. ఫలస్తీనీయుల హక్కు గురించి నోరు విప్పే మనిషి, యూదుల మతగ్రంథాలు ఏమంటున్నాయో, వారి పండితులు ఎక్కడ విడిపోయారో తెలియకుండా మాట్లాడితే, తన న్యాయమైన వాదాన్నే తాను బలహీనపరచుకుంటాడు. అందుకే ఈ విషయాన్ని కొంత వివరంగా చెప్పాలని మేము అనుకున్నాము.

క్రీస్తుశకం 70లో రోమన్లు జెరూసలేంలోని యూదుల ఆలయాన్ని కూల్చివేశారు. 132 నుండి 135 వరకు సాగిన తిరుగుబాటు కూడా ఘోరంగా అణచివేయబడింది. అప్పటి నుండి యూద పండితులు తమ జాతి స్థితిని ఒక్క మాటలో చెప్పుకున్నారు: ప్రవాసం. ఇది రాజకీయ ఓటమి మాత్రమే కాదనీ, పాపాలకు దేవుడు విధించిన శిక్ష అనీ వారు బోధించారు. ఆ శిక్షను ముగించేవాడు కూడా దేవుడే. దావూద్ (అలైహిస్సలాం) వంశం నుండి రాబోయే మసీహ్ ద్వారా ఆయన వారిని తిరిగి సమీకరిస్తాడని వారి నమ్మకం. మనం మసీహ్‌గా విశ్వసించే ఈసా (అలైహిస్సలాం)ను వారు అంగీకరించలేదు కాబట్టి, వారి నిరీక్షణ ఇంకా ముగియలేదు. రోజుకు మూడుసార్లు చేసే ప్రార్థనలో వారు జెరూసలేంకు తిరిగి చేరడాన్ని వేడుకుంటారు. కానీ వేడుకోవడం వేరు, ఆయుధం పట్టి బయలుదేరడం వేరు.

ఈ తేడాను నిలబెట్టిన ఆధారం తాల్మూద్‌లో, వివాహ ఒప్పందాలకు సంబంధించిన కెతుబోత్ అనే భాగంలో ఉంది. దేవుడు మూడు ప్రమాణాలు చేయించాడని అక్కడి కథనం. యూదులు మూకుమ్మడిగా, బలప్రయోగంతో ఆ నేలమీదికి వెళ్లకూడదు. తాము నివసించే జాతుల మీద తిరుగుబాటు చేయకూడదు. ఆ జాతులు కూడా యూదులను హద్దుమీరి పీడించకూడదు. శతాబ్దాలపాటు దీనిపై పెద్ద చర్చేమీ జరగలేదు. ఎందుకంటే వెళ్లే శక్తీ లేదు, పంపే రాజ్యమూ లేదు. చర్చ వచ్చినది ఆ భూమిలో నివసించడం మతవిధి అవునా కాదా అన్న చోట. మన చరిత్రకారులు మూసా ఇబ్ను మైమూన్ అని పిలిచే మైమోనిడీస్ (1138–1204) తన 613 విధుల జాబితాలో దానిని చేర్చలేదు. సలాహుద్దీన్ అయ్యూబీ మంత్రి అల్ ఖాదీ అల్ ఫాదిల్ వద్ద వైద్యునిగా పనిచేసి, అరబీలో గ్రంథాలు రాసిన పండితుడాయన. ఆయన తరువాతి తరంవాడైన నహ్మానిడీస్ మాత్రం అది అన్ని కాలాలకూ వర్తించే విధి అన్నారు. అన్నట్లుగానే వృద్ధాప్యంలో స్పెయిన్ విడిచి 1267లో, మమ్లూకుల కాలంలో, జెరూసలేం చేరుకున్నారు. నేటికీ రెండు పక్షాలవారూ ఈ ఇద్దరినీ ఎత్తిచూపుతూనే ఉన్నారు.

ఇక ఆధునిక జియోనిజం విషయానికి వద్దాం. దాని నాయకుడు థియొడోర్ హెర్జల్ మతనిష్ఠ గలవాడు కాదు. వియన్నాలో పత్రికా రచయిత. 1896లో యూద రాజ్యం గురించి ఒక చిన్న పుస్తకం రాసి, మరుసటి ఏడాది తొలి మహాసభకు పిలుపునిచ్చారు. ఆ సభ మొదట జర్మనీలోని మ్యూనిక్‌లో జరగవలసింది. దానిని అక్కడ జరగనీయకుండా అడ్డుకున్నది ఏ శత్రువూ కాదు, జర్మనీ రబ్బీల సంఘం కార్యవర్గమే. సనాతనులూ సంస్కరణవాదులూ, ఒకరి వెనుక ఒకరు ప్రార్థించని ఈ ఇరుపక్షాలు కలిసి నిరసన ప్రకటన చేశాయి. మ్యూనిక్ యూదులు కూడా ఇష్టపడలేదు. చివరకు 1897 ఆగస్టులో సభ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగింది.

రెండు పక్షాలూ వ్యతిరేకించాయి గాని, కారణాలు ఒక్కటి కావు. సనాతనులు, దేవుని గడువుకు ముందే మనుషులు, అందునా ధర్మాన్ని పాటించని మనుషులు, విముక్తిని లాక్కోవడం ధిక్కారమన్నారు. సంస్కరణవాదులైతే విముక్తి అనే భావననే మార్చివేశారు. అమెరికాలోని సంస్కరణవాద రబ్బీలు 1885లో పిట్స్‌బర్గ్‌లో చేసిన తీర్మానంలో, తాము ఇకపై ఒక జాతి కాదనీ, ఒక మతసమాజం మాత్రమేననీ, పాలస్తీనాకు తిరిగి పోవాలన్న కోరిక తమకు లేదనీ ప్రకటించారు. తాము పుట్టిన దేశమే తమ దేశమని వారి వాదం.

ఇక్కడ భారతదేశ చరిత్రతో ముడిపడిన ఒక పేరు చెప్పాలి. 1917లో బ్రిటిష్ ప్రభుత్వం బాల్ఫోర్ ప్రకటన సిద్ధం చేస్తున్నప్పుడు, మంత్రివర్గంలో దానిని గట్టిగా ఎదిరించిన వ్యక్తి ఎడ్విన్ మాంటేగు. మన పాఠ్యపుస్తకాలలో మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల పేరుతో కనిపించే ఇండియా మంత్రి ఆయనే. స్వయంగా యూదుడు. యూదులు వేరొక జాతి అని ప్రభుత్వమే ప్రకటిస్తే, ప్రతి దేశంలోనూ వారిని పరాయివారిగా చూడడానికి దారి తెరిచినట్లవుతుందని ఆయన వాదించారు. ప్రకటనను ఆపలేకపోయారు. అయితే అక్కడున్న యూదేతరుల పౌర, మత హక్కులకూ, ఇతర దేశాలలోని యూదుల హోదాకూ భంగం కలగరాదన్న మాటలు అందులో చేరడానికి ఇటువంటి వ్యతిరేకత ఒక కారణం. అదే మాంటేగు, తుర్కీ విషయంలో భారత ముస్లింల మనోభావాలను తెలిపే వైస్రాయి తంతిని బహిరంగపరచినందుకు 1922లో పదవి పోగొట్టుకున్నారు. ఖిలాఫత్ ఉద్యమ చరిత్ర చదివేవారు ఈ పేరును మరువరాదు.

సోదరులారా! ఒక మతసమాజం ఒక జాతి అవుతుందా, జాతి అయితే దానికి సొంత రాజ్యం ఉండి తీరాలా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 1938లో మౌలానా హుసైన్ అహ్మద్ మదనీకీ, అల్లామా ఇక్బాల్‌కూ మధ్య నడిచిన వాదం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. వేర్వేరు మతాలవారు ఒకే దేశంలో ఒకే ఖౌమ్‌గా జీవించవచ్చునని మౌలానా మదనీ ఆ ఏడాదే ఒక పుస్తకంలో వాదించారు. రెండు చరిత్రలు ఒక్కటే అని మేము అనడం లేదు. యూరప్ యూదులు ఎదుర్కొన్న ఊచకోతలు వేరు, మన ఉపఖండపు సమస్య వేరు. కానీ ఒకే ధర్మాన్ని నమ్మే నిష్ఠాగరిష్ఠులైన పండితులు ఈ ప్రశ్నపై ఎలా విడిపోగలరో ఆ వాదం తెలిసినవారికి తేలికగా అర్థమవుతుంది.

మతపరంగా జియోనిజాన్ని సమర్థించినవారు కూడా తొలి నుండీ ఉన్నారు. హెర్జల్ కంటే ముందే, సరాయెవోలో పుట్టిన రబ్బీ యెహూదా అల్కలాయీ, ప్రష్యా రబ్బీ జ్వీ హిర్ష్ కలిషర్, మనిషి మొదలుపెడితేనే దేవుడు పూర్తిచేస్తాడని రాశారు. 1902లో రబ్బీ యిట్జాక్ రైనెస్ స్థాపించిన మిజ్రాహీ సంఘం మతనిష్ఠ గల జియోనిస్టుల తొలి రాజకీయ వేదిక. రైనెస్ ఆలోచనలో మసీహ్ ప్రసక్తి లేదు. రష్యాలో తన ప్రజల ప్రాణాలు కాపాడుకోవడానికి ఒక చోటు కావాలి, అంతే. ఎంతగా అంటే, 1903లో బ్రిటిష్ వారు తూర్పు ఆఫ్రికాలో భూమి ఇస్తామన్నప్పుడు ఈ మతవాదులే ఎక్కువమంది దానిని పరిశీలిద్దామన్నారు.

దీనిని పూర్తిగా మరో దారి పట్టించినవారు రబ్బీ అబ్రహాం ఐజాక్ కూక్. ఆయన 1904లో యాఫా వచ్చారు. 1921లో పాలస్తీనా తొలి అష్కెనాజీ ప్రధాన రబ్బీ అయ్యారు. అష్కెనాజీలంటే యూరప్ సంప్రదాయపు యూదులు. సబ్బాతు పాటించని, ఆహార నియమాలు లెక్కచేయని యువ రైతుకూలీలను చూసి ఇతర రబ్బీలు మండిపడుతుంటే, వీరికి తెలియకుండానే వీరి చేత దేవుడు విముక్తి పని చేయిస్తున్నాడని కూక్ అన్నారు. ఈ ఒక్క మాట ఎంతటి ద్వారం తెరిచిందో ముందు చూస్తాము. రాజ్యం తనంతట తాను పవిత్రమైతే, దాని సైన్యమూ, దాని సరిహద్దూ పవిత్రమవుతాయి.

అదే కాలంలో జెరూసలేంలోని పాత సనాతన సమాజం, రబ్బీ యోసెఫ్ హయీం సోనెన్‌ఫెల్డ్ నాయకత్వంలో, జియోనిస్టు సంస్థల పెత్తనాన్ని నిరాకరించింది. వారి తరఫున మాట్లాడిన న్యాయవాది యాకోబ్ డి హాన్. హాలండ్ దేశపు కవి. 1919లో జియోనిస్టుగానే వచ్చి, అక్కడి పరిస్థితి చూసి మనసు మార్చుకున్నారు. అరబ్బు నాయకులను కలిసి, ఈ సనాతన సమాజానికి జియోనిస్టు రాజకీయ లక్ష్యాలతో సంబంధం లేదని చెప్పారు. లండన్‌కు ప్రతినిధివర్గంతో వెళ్లనుండగా, 1924 జూన్ 30న సాయంకాల ప్రార్థన ముగించుకుని బయటికి వస్తున్న ఆయనను కాల్చి చంపారు. చంపినది హగానా అనే జియోనిస్టు సాయుధ సంస్థకు చెందినవారు. రాజ్యం ఏర్పడడానికి 24 ఏళ్ల ముందు, యూదుల చేతిలో ఒక యూదుడు ఈ కారణంగా హతుడు కావడం, వాళ్లందరూ ఒక్కటే అనేవారు తెలుసుకోవలసిన విషయం.

ఆ తరువాత వచ్చినది యూరప్ యూదుల వినాశనం. నాజీలు సుమారు 60 లక్షల మందిని చంపారు. దీనిని తక్కువచేసి మాట్లాడడం, అనుమానించడం సత్యద్రోహమని ఈ మింబర్ నుండి స్పష్టంగా చెప్పవలసి ఉంది. ఫలస్తీనీయుల హక్కు నిలబడడానికి మరొకరి శోకాన్ని అబద్ధమనవలసిన అవసరం లేదు.

ఈ విపత్తు నుండి ఇద్దరు పండితులు తీసుకున్న నిర్ణయాలను చూడండి. ఇద్దరిదీ పూర్వపు హంగరీ రాజ్య ప్రాంతమే. ఇద్దరూ జియోనిజానికి వ్యతిరేకమైన వాతావరణంలో పెరిగినవారే. స్లొవాకియాలో రబ్బీగా ఉన్న యిస్సఖార్ ష్లోమో టైఖ్తాల్ బుడాపెస్ట్‌లో తలదాచుకుని, 1943లో ఒక గ్రంథం వెలువరించారు. మేము నిరీక్షించమని బోధించి పొరపడ్డాము, అక్కడికి వెళ్లి కట్టుకుని ఉంటే ఇంతమంది చచ్చేవారు కారు అన్నది దాని సారాంశం. తన పాత అభిప్రాయాన్ని బహిరంగంగా వదులుకున్నారు. 1945 జనవరిలో ఖైదీలను తరలిస్తున్న రైలులో ఆయన హతులయ్యారు.

రెండవవారు సత్మార్ వంశపు గురువు యోయెల్ టైటెల్‌బామ్. 1944లో రుడాల్ఫ్ కాస్ట్‌నర్ అనే జియోనిస్టు ప్రతినిధి నాజీలతో బేరమాడి సుమారు 1,700 మందిని ఒక రైలులో బయటికి పంపగలిగారు. టైటెల్‌బామ్ ప్రాణాలతో బయటపడినది ఆ రైలులోనే. విమర్శకులు నేటికీ దీనిని ఎత్తిపొడుస్తారు. అయినా ఆయన నిర్ణయం మారలేదు, మరింత గట్టిపడింది. 1946లో న్యూయార్క్ చేరి, బ్రూక్లిన్‌లో తన సమాజాన్ని తిరిగి కూడగట్టారు. మూడు ప్రమాణాల గురించి ఆయన రాసిన పెద్ద గ్రంథం 1961 నాటికి వెలువడింది. ఆ ప్రమాణాలను ఉల్లంఘించినందువల్లనే ఇంతటి శిక్ష వచ్చిందనీ, మసీహ్ రాకముందు యూద రాజ్యం ఏర్పడడమే పాపమనీ, దానిని నడిపేవారు ధర్మాత్ములైనా ఆ పాపం తొలగదనీ ఆయన వాదం. 1967 యుద్ధంలో ఇస్రాయీల్ ఆరు రోజులలో గెలిచినప్పుడు, ఇది దేవుని అద్భుతమని ప్రపంచమంతటి యూదులు సంబరపడుతుంటే, ఆయన మరో పుస్తకం రాసి దానిని పరీక్షగా, మోసంగా వర్ణించారు. ఒకే అగ్నిలో నుండి, ఒకరు రాజ్యమే రక్ష అనీ, మరొకరు రాజ్యమే నేరమనీ తేల్చుకున్నారు.

1948లో రాజ్యం ఏర్పడింది. ఆ యుద్ధంలో సుమారు 7 లక్షల మంది ఫలస్తీనీయులు ఇండ్లూ భూములూ పోగొట్టుకుని శరణార్థులయ్యారు. మనం నక్బా అనే విపత్తు అది. పండితుల వాదాలు దానిని ఆపలేదు. ఇది చెప్పకుండా ఈ చర్చను ముందుకు నడిపితే, మనం కేవలం శాస్త్రవినోదం చేసినట్లవుతుంది.

మధ్యేమార్గం పట్టినవారే సనాతనులలో ఎక్కువమంది. 1912లో ఏర్పడిన అగుదత్ ఇస్రాయీల్ సంస్థ మొదట జియోనిజాన్ని ఎదిరించినదే. 1947 జూన్‌లో బెన్ గురియన్ దానికి ఒక లేఖ రాశారు. శనివారం సెలవు దినంగా ఉంటుందనీ, ప్రభుత్వ వంటశాలలలో ఆహార నియమాలు పాటిస్తారనీ, వివాహ వ్యవహారాలు మతపరంగానే సాగుతాయనీ, వారి పాఠశాలల స్వేచ్ఛకు భంగం ఉండదనీ అందులో హామీ ఇచ్చారు. స్వాతంత్ర్య ప్రకటనలో దేవుని పేరు ఉండాలా వద్దా అన్న తగాదా వచ్చినప్పుడు, ఇస్రాయీల్ శిల అనే రెండర్థాల మాట పెట్టి సరిపుచ్చారు. నమ్మేవారికి అది దేవుడు, నమ్మనివారికి జాతిబలం. ఇటువంటి రాజీల మీదే ఆ రాజ్యం నేటికీ నడుస్తోంది.

ఈ సనాతనులను హరేదీలు అంటారు. ఇస్రాయీల్ జనాభాలో వీరు సుమారు 14 శాతం. వీరు రాజ్యాన్ని పవిత్రమని నమ్మరు, అలాగని బహిష్కరించరు. ఉన్న ప్రభుత్వంతో వ్యవహరించినట్లు వ్యవహరిస్తారు, ఓటు వేస్తారు, తమ విద్యాలయాలకు నిధులు తెచ్చుకుంటారు. వీరి అష్కెనాజీ నాయకులు ఎంతో కాలం ఉపమంత్రులుగానే ఉండేవారు. పూర్తి మంత్రి అయితే మంత్రివర్గం చేసే ప్రతి నిర్ణయానికీ బాధ్యత వహించాలి కదా! 2015లో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును కాదన్న తరువాతే వారి నాయకుడొకరు మంత్రిపదవి స్వీకరించారు. ఇది కాస్త నవ్వు పుట్టించే లౌక్యమే అయినా, దాని అడుగున నిజమైన ధర్మసంకోచం ఉందని మేము భావిస్తాము.

1952లో బెన్ గురియన్ స్వయంగా హజోన్ ఇష్ అని పేరుపొందిన రబ్బీ కరెలిట్జ్ ఇంటికి వెళ్లారు. ఇరుకు దారిలో బరువు మోసేదీ, ఖాళీగా వచ్చేదీ ఎదురుపడితే ఖాళీదే తప్పుకోవాలన్న తాల్మూద్ న్యాయాన్ని రబ్బీ గుర్తుచేశారట. ధర్మభారం మోసేది మేము, మీరే తప్పుకోండి అని భావం. భూమి దున్నడం, దేశాన్ని కాపాడడం భారం కాదా అని బెన్ గురియన్ అడిగారు. ఆ ప్రశ్న ఇంకా తెగలేదు. 1948లో సుమారు 400 మంది యెషివా విద్యార్థులకు, అంటే మన మద్రసాల వంటి విద్యాలయాలలో చదివేవారికి, సైనిక సేవ నుండి మినహాయింపు ఇచ్చారు. ఆ సంఖ్య పదుల వేలకు చేరింది. 2024 జూన్ 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, వారిని కూడా సైన్యంలోకి పిలవాలని తీర్పు చెప్పారు. గాజాలో యుద్ధం సాగుతుండగానే హరేదీ యువకులు వీధులలోకి వచ్చి నిరసించారు. వారి నిరసనను ఫలస్తీనీయుల పట్ల సానుభూతిగా మనం పొరపడరాదు. అది తమ మతజీవనాన్ని కాపాడుకునే పోరాటం.

ఇక నల్లకోటు చిత్రం సంగతి. అందులో తరచూ కనిపించేవారు నెతురే కర్తా, అంటే అరామిక్ భాషలో నగర రక్షకులు. 1938లో జెరూసలేంలో రబ్బీ అమ్రాం బ్లౌ తదితరులు అగుదత్ నుండి విడిపోయి స్థాపించారు. వారి విశ్వాసం నిజమైనదే, నాటకం కాదు. ఇస్రాయీల్ స్వాతంత్ర్య దినాన మతజియోనిస్టులు ప్రత్యేక స్తుతిగీతాలు పాడతారు, హరేదీలు మామూలు రోజులా గడుపుతారు, వీరు దుఃఖదినంగా పాటిస్తారు. కానీ వీరు బహుకొద్దిమంది. 2006లో యూదుల వినాశనాన్ని ప్రశ్నించడానికి టెహ్రాన్‌లో జరిగిన సమావేశానికి వీరిలో కొందరు వెళ్లగా, రాజ్యాన్ని అంతే గట్టిగా వ్యతిరేకించే సత్మార్ సమాజమే వారిని ఖండించింది. వీరిని ప్రపంచ యూదుల ప్రతినిధులుగా చూపడం, మన విషయంలో ఒక చిన్న జమాఅత్‌ను చూపి ఇదే ఉమ్మత్ అనడం వంటిది.

కూక్ తెరిచిన ద్వారం దగ్గరకు తిరిగి వద్దాం. ఆయన కుమారుడు రబ్బీ జ్వీ యెహూదా కూక్ 1967 మే నెలలో, యుద్ధానికి కొన్ని వారాల ముందు, మన హెబ్రోన్ ఎక్కడ, మన నాబ్లుస్ ఎక్కడ అన్న భావంతో శిష్యుల ముందు విలపించారు. జూన్‌లో ఆ ఊళ్లన్నీ ఇస్రాయీల్ సైన్యం వశమయ్యాయి. శిష్యులకు అది భవిష్యవాణిలా తోచింది. 1974లో వారు గుష్ ఎమునీం ఉద్యమం ప్రారంభించి, పశ్చిమ తీరంలో ఫలస్తీనీయుల నడుమ కాలనీలు కట్టసాగారు. తాత్త్విక చింతనగా పుట్టినది భూమి ఆక్రమణగా మారింది. ఈ ధోరణి అంచున మరింత క్రూరమైన శాఖలు మొలిచాయి. రబ్బీ మెయిర్ కహానే అనుచరుడైన ఒక వైద్యుడు, 1994 ఫిబ్రవరి 25న, రమజాన్ నెల జుమా నాటి ఫజ్ర్ వేళ, హెబ్రోన్‌లోని ఇబ్రాహీమీ మస్జిదులో సజ్దా చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. అల్లాహ్ వారి షహాదత్‌ను స్వీకరించుగాక! మరుసటి ఏడాది నవంబరు 4న ప్రధాని రబీన్‌ను చంపిన యూద యువకుడు కూడా మతశాస్త్రం పేరే చెప్పాడు.

అదే మతశాస్త్రం నుండి వ్యతిరేక తీర్పులూ వచ్చాయి. రబ్బీ ఓవదియా యోసెఫ్, అరబ్బు దేశాల నుండి వచ్చిన యూదులకు అత్యున్నత ధర్మాధికారి, ప్రాణరక్షణ కోసం భూమిని తిరిగి ఇచ్చివేయవచ్చునని 1979లో తీర్పు చెప్పారు. తరువాతి ఏళ్లలో అరబ్బుల గురించి అతి కఠినమైన మాటలన్నది కూడా ఆయనే. మనుషులు మనకు కావలసిన మూసలో ఇమడరు. యెషయాహు లైబోవిట్జ్ అనే సనాతన నిష్ఠాపరుడైన శాస్త్రవేత్త రాజ్యానికి ఏ పవిత్రతా లేదనీ, రాజ్యాన్ని పూజించడం విగ్రహారాధనేననీ, లక్షలాది అరబ్బులను ఏలడం తన ప్రజలను చెడగొడుతుందనీ 1967 తరువాత జీవితాంతం హెచ్చరించారు. ఆయనకు 1993లో దేశ పురస్కారం ప్రకటించగా గొడవ చెలరేగింది, ఆయన దానిని వద్దన్నారు. 1988లో ఏర్పడిన మానవహక్కుల రబ్బీల సంఘం సభ్యులు కాలనీవాసుల దాడుల నుండి కాపాడడానికి ఫలస్తీనా రైతుల పక్కన నిలిచి ఆలివ్ కాయలు కోస్తుంటారు.

అమెరికాలో సంస్కరణవాదులు 1937లో కొలంబస్ తీర్మానంతో తమ పాత వైఖరి విడిచి జియోనిజానికి దగ్గరయ్యారు. పాత మాట మీదే నిలిచిన కొందరు రబ్బీలు 1942లో వేరే సంస్థ పెట్టుకున్నారు. చిత్రమేమిటంటే, జియోనిజాన్ని అంగీకరించిన ఈ సంస్కరణవాదుల వివాహాలను ఇస్రాయీల్ ప్రధాన రబ్బీల వ్యవస్థ అంగీకరించదు. ఎవరు యూదులో తేల్చే అధికారం రాజ్యం చేతికి రావడం వల్ల కలిగిన చిక్కులివి. ముంబయి ప్రాంతం నుండి వెళ్లిన బెనె ఇస్రాయీల్ యూదుల వంశాన్ని 1960ల తొలి ఏళ్లలో రబ్బీలు ప్రశ్నించారు. వారు నిరసన సాగించగా, 1964లో పార్లమెంటు జోక్యం చేసుకుని వారు అన్ని విధాలా యూదులేనని తీర్మానించింది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలో, తెలుగు మాట్లాడుతూ సబ్బాతు పాటించే బెనె ఎఫ్రాయీం కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారిని ఆ వ్యవస్థ ఇంకా గుర్తించలేదు.

చివరిగా మన గుండెకు దగ్గరైన చోటు, మస్జిదె అఖ్సా. ఆ ప్రాంగణంలోనే తమ ప్రాచీన ఆలయం ఉండేదని యూదుల నమ్మకం. 1967లో నగరం ఇస్రాయీల్ వశమైన వెంటనే, ప్రధాన రబ్బీలు ఆ ప్రాంగణంలోకి యూదులెవరూ అడుగుపెట్టరాదని నిషేధం ప్రకటించి, ద్వారం వద్ద బోర్డు పెట్టించారు. ఇది మన మీది దయతో కాదు. అత్యంత పవిత్రమైన గర్భాలయం ఏ చోట ఉండేదో ఇప్పుడు తెలియదు, అక్కడికి వెళ్లడానికి కావలసిన శుద్ధి ఈ కాలంలో సాధ్యం కాదు, తెలియక కాలు మోపితే మహాపాపం అన్నది వారి శాస్త్రం. సైన్యపు రబ్బీ ష్లోమో గోరెన్ మాత్రం అప్పుడే విభేదించారు. 1990ల నుండి కాలనీల రబ్బీలు కొందరు ప్రవేశానికి అనుమతిస్తున్నారు. 2023 జనవరి 3న మంత్రి ఇతమార్ బెన్ గ్విర్ పోలీసు రక్షణతో అక్కడికి వెళ్లాడు. ప్రధాన రబ్బీ యిట్జాక్ యోసెఫ్, ఓవదియా కుమారుడు, వెంటనే ఆయనకు లేఖ రాసి, ఒక మంత్రి రబ్బీల నిషేధాన్ని ఇలా కాలదన్నరాదనీ, ఇకమీదట అక్కడికి వెళ్లవద్దనీ కోరారు. బెన్ గ్విర్ ఆ తరువాత కూడా పలుమార్లు వెళ్లాడు. నిషేధపు బోర్డు ద్వారం దగ్గర ఇంకా ఉంది.